ఫ్రం అడ్రసు దాసప్ప

పుంగనూరు దాసప్పకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. తన ముందు పెట్టిన తిండి ఎవరి చేలో పండిందో పేరుతో సహా తెలిస్తే తప్ప ఆయన ముద్ద నోట్లో పెట్టడు. ఆకలేసినా పెట్టడు, పెళ్లివాళ్లు చేతులు పట్టుకుని బతిమాలినా పెట్టడు. బీపీ లేదు, షుగరు లేదు, అరవై ఏడేళ్ల వయసులోనూ సైకిలు తొక్కుతాడు. ఈ ఒక్క జబ్బుకు మాత్రం మందు లేదని ఆయన భార్య మునీశ్వరి ఎప్పుడో తేల్చేసింది.

దాసప్ప ముప్పై నాలుగేళ్లు పుంగనూరు చుట్టుపక్కల పల్లెల్లో పోస్ట్‌మ్యాన్‌గా తిరిగాడు. పంపినవాళ్ల పేరు లేని ఉత్తరమంటే ఆయనకు మొదటి నుంచీ పడదు. చేరాల్సిన చోటికి చేరకపోతే అలాంటి ఉత్తరానికి వెనక్కి పోయే దిక్కు కూడా ఉండదని ఆయన బాధ. రిటైరయ్యాక చేతిలో ఉత్తరాలు లేవు కాబట్టి ఆ చాదస్తాన్నంతా తెచ్చి కంచం మీద పెట్టాడు. బెండకాయకు ఫ్రం అడ్రసు కావాలి, కందిపప్పుకు కావాలి, కరివేపాకుకు కూడా కావాలి. "ఎవురి సేనిది?" అన్నది ఆయన మొదటి ప్రశ్న. "ఆయప్ప బాగుండాడా?" అన్నది రెండోది. మొదటిదానికే జనం బెదిరిపోయేవాళ్లు కాబట్టి రెండోదాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

మునీశ్వరి చెల్లెలి కూతురి పెళ్లిలో ఆయన వడ్డించే మనిషిని ఆపి వంకాయ ఎవరిదని అడిగాడు. ఆ మనిషి పోయి వంటమేస్త్రీని అడిగాడు. వంటమేస్త్రీ సరుకులు తెచ్చినాయన్ని అడిగాడు. ఆయన మదనపల్లె మార్కెట్టుకు ఫోను చేశాడు. ఈలోగా మూడు బంతులు తిని లేచాయి, పెళ్లికొడుకు కూడా చెయ్యి కడుక్కున్నాడు. దాసప్ప ఆకులో ఉప్పు మాత్రం మిగిలింది. దాని అడ్రసు కూడా తెలియదు కాబట్టి ఆయన దాన్నీ ముట్టలేదు.

గుళ్లో పులిహోర చేతిలో పెడితే చింతపండు ఎవరిదన్నాడు. అంతా స్వామిదే నాయనా అని పూజారి నవ్వాడు. స్వామికి చింతచెట్టు యాడుండాదని దాసప్ప వెటకారమేమీ లేకుండా, భక్తితోనే అడిగాడు. అప్పటి నుంచి ఆ పూజారి ఆయనకు తీర్థంతోనే సరిపెట్టేవాడు.

ఇంట్లో మునీశ్వరి కొంతకాలం నోటికొచ్చిన పేర్లు చెప్పి నెట్టుకొచ్చింది. అలసందలు రామసముద్రం సుబ్బన్నవని ఒకసారి అంది. మర్నాడు ఆయన రామసముద్రం పోయి, అక్కడున్న ముగ్గురు సుబ్బన్నలనూ కలిసి, వాళ్లలో ఎవరూ అలసంద వెయ్యలేదని తెలుసుకుని సాయంత్రానికి వాడిపోయిన మొహంతో తిరిగొచ్చాడు. అంత దూరం ఎందుకు పోయాడో ఆమె అడగలేదు. అడిగితే ఇంకో కథ మొదలవుతుందని భయం. అబద్ధాలు మాత్రం మానేసింది.

ఇలాంటి మనిషి నందిని పాలబడ్డాడు. నందిని కలకడ దగ్గర రైతుల ఇంటి పిల్ల, ముప్పై రెండేళ్లది. మదనపల్లె నుంచి పుంగనూరు పోయే రోడ్డు పక్కన 'మడక' అని నాగలి పేరుతో ఒక హోటలు పెట్టింది. ఏ కాలంలో చుట్టుపక్కల ఏది పండితే అది వండడం, పండించినవాళ్ల పేరు గుమ్మం దగ్గర నల్లబల్ల మీద రాయడం అక్కడి పద్ధతి. 'పేరు తెలియని కాయ మా వంటింట్లోకి రాదు' అని ఆ బల్ల పైభాగాన పెద్ద అక్షరాలతో రాయించింది కూడా. నిజం చెప్పుకోవాలంటే ఆ పేర్లు చూడ్డానికి బాగుంటాయనే ఆమె రాసింది. వచ్చినవాళ్లు బల్ల పక్కన నిలబడి ఫోటోలు తీసుకునేవాళ్లు. చదివినవాళ్లు లేరు.

అందుకే మొదటిసారి దాసప్ప వచ్చి, కళ్లజోడు తుడిచి పెట్టుకుని, బల్ల మీది పేర్లను వేలితో ఒక్కొక్కటే చదువుతుంటే నందినికి కడుపు నిండిపోయింది. ఇన్నాళ్లకు ఒక మనిషి దొరికాడనుకుంది. ఆ సంతోషం ఆయన కుర్చీలో కూర్చునేదాకానే నిలిచింది. బల్ల మీద ఉన్నవి పది పేర్లని, కంచంలో ఉన్నవి ఇరవై రెండు వస్తువులని, మిగిలిన పన్నెండూ ఎవరివో చెబితే భోజనం మొదలుపెడతానని ఆయన మర్యాదగా విన్నవించుకున్నాడు. ఆవాలు, నువ్వులు, మిరపకాయలు, చివరికి అరిటాకు. నందిని ఆ రోజు ఏడు ఫోన్లు చేసింది.

అప్పటి నుంచి ప్రతి గురువారం మధ్యాహ్నం దాసప్ప వచ్చేవాడు. వడ్డన చూసే మునిశేఖర్ అంతకు ముందు ప్రైవేటు బస్సులో కండక్టరు. ఆయన ఆ పేర్లన్నీ బట్టీ పట్టి, దాసప్ప కూర్చోగానే "వంకాయ చౌడేపల్లె, బెండకాయ రామసముద్రం, ఆకుకూర కలకడ, నువ్వులు నిమ్మనపల్లె" అని స్టాపులు పిలిచినట్టు పిలిచేవాడు. పక్క బల్లల వాళ్లు ఏదో బస్సు వచ్చిందనుకుని బయటికి చూసేవాళ్లు. వంట చేసే సిద్ధమ్మకు మాత్రం గురువారం వస్తే గుండెదడే. పొయ్యిలో కట్టెలు ఎవరివని అడిగితే ఏం చెప్పాలని ఆమె బుధవారం నుంచే నందినిని సతాయించేది.

ఇంతవరకైతే నవ్వుకుని ఊరుకోవచ్చు. కానీ చౌడేపల్లె వంకాయల రైతు ఒకనాడు మాటల్లో, దాసప్ప తమ ఇంటికి వచ్చి పోయినాడని నందినితో అన్నాడు. తరువాత కలకడ ఆకుకూరల ఆమె కూడా అదే మాట చెప్పింది. నందిని మనసులో ముల్లు గుచ్చుకుంది. బల్ల మీద తను రాసింది నిజమో కాదో సరిచూసుకోవడానికే ఆయన ఊరూరా తిరుగుతున్నాడని నిశ్చయించుకుంది. ఎందుకు వచ్చాడని వాళ్లను అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోయేది. అనుమానం వచ్చినవాళ్లు అడగరు, అదే చిక్కు.

జనవరి వచ్చింది. మా వైపు జనవరి అంటే అనపకాయ, చిక్కుడు లాంటి గింజల కాయ. గింజలు ఒలిచి, నానబెట్టి, ఒక్కొక్క గింజనూ వేళ్ల మధ్య పితికి పైతోలు తీసి వండితే దాన్ని పితికిపప్పు అంటారు. వేడి రాగిసంగటిలో గుంట చేసి అది పోసుకుంటే మనిషి కాసేపు లోకం మరిచిపోతాడు. నందిని అనపకాయలు కుప్పం పక్కన ఒక పల్లెలో ఉండే అంకమ్మ దగ్గర తెప్పించేది. ఆమె రాగిచేలో మధ్య మధ్య సాళ్లుగా అనప వేస్తుంది. అక్కడ మంచు ఎక్కువ. ఆ మంచు తాగిన కాయకు జిడ్డుగా ఒక కమ్మని వాసన పడుతుంది. కన్నడం వైపు వాళ్ల మాట అరువు తెచ్చుకుని దాన్ని సొగడు అంటారు. అంకమ్మ వారానికొక మూట కట్టి బస్సులో వేస్తే మదనపల్లెలో దించుకునేవాళ్లు.

ఒక వారం మూట రాలేదు. రెండో వారమూ రాలేదు. ఫోను చేస్తే స్విచాఫ్. ఆ గురువారమే దగ్గరలోని అంగళ్లు ఊరి కాలేజీ నుంచి పద్దెనిమిది మంది లెక్చరర్లు పితికిపప్పు కోసమని వారం ముందే చెప్పిపెట్టారు. వేరే దారి లేక నందిని తెల్లారే మదనపల్లె బజారుకు పోయి, కుప్పపోసిన అనపకాయలు ఒక బస్తా కొనుక్కొచ్చింది. అవి ఎవరివని అడిగితే అమ్మేవాడు ఆమెను పైకీ కిందికీ చూశాడు. బల్ల మీద అంకమ్మ పేరు తుడుద్దామని గుడ్డ చేతిలోకి తీసుకుంది కూడా. అంతలో లెక్చరర్ల వ్యాను వచ్చి ఆగింది. వాళ్లు దిగుతూనే బల్ల ముందు నిలబడి ఫోటో తీసుకున్నారు. గుడ్డ చేతిలోనే ఉండిపోయింది.

పన్నెండున్నరకు దాసప్ప వచ్చాడు. మునిశేఖర్ ఆ రోజు స్టాపులు పిలవకుండా నీళ్ల గ్లాసులు సర్దుకుంటూ అటు తిరిగిపోయాడు. నందినే సంగటి, పితికిపప్పు తెచ్చి పెట్టింది.

"అనప ఎవురిదమ్మా?" అన్నాడు దాసప్ప.

"అంకమ్మదే అప్పా."

"ఆయమ్మ బాగుండాదా?"

"బాగుండాది."

దాసప్ప సంగటి తుంచి పప్పులో అద్దాడు. వేళ్లను ముక్కు దగ్గరికి తీసుకుపోయి ఒక్క క్షణం ఆగాడు. ఆమె మొహం వైపు చూశాడు. తరువాత తలవంచుకుని తిన్నాడు. ఎప్పుడూ రెండోసారి వేయించుకునేవాడు ఆ రోజు వేయించుకోలేదు. ఆకు మడిచి, నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున మునిశేఖర్ పరుగున వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిసంచీ పట్టుకుని దాసప్ప పుంగనూరు బస్టాండులో పలమనేరు బస్సు ఎక్కుతుంటే చూశాడట. ఎక్కడికని అడిగితే కుప్పం పోయి అంకమ్మను చూసొస్తానన్నాడట.  నందిని హోటలుకు ఉన్న ఆస్తల్లా ఆ బల్ల మీది ఒక్క వాక్యమే. అంకమ్మ నోట తాను పంపలేదన్న మాట వస్తే, సాయంత్రానికల్లా బస్సులో ఉన్నవాళ్లందరికీ, రాత్రికి పుంగనూరు మొత్తానికీ తెలిసిపోతుంది. అంతకంటే, ఆ ముసలాయన తనను చూసిన చూపు ఆమెను తినేస్తోంది. ఆయనకంటే ముందు చేరి అంకమ్మ కాళ్లు పట్టుకోవాలనుకుని కారు తీసింది.

ముందు చేరలేకపోయింది. పలమనేరు దాటాక రోడ్డు పనులంటూ అరగంట ఆపేశారు. అంకమ్మ ఇంటి ముందు కారు దిగేసరికి దాసప్ప అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కాఫీ గ్లాసు, బొరుగుల పళ్లెం. ఎదురుగా అంకమ్మ. ఆమె కుడిచేతికి మోచేతి నుంచి మణికట్టు దాకా పుత్తూరు కట్టు కట్టి ఉంది.

ఆ కట్టు చూడగానే నందినికి తాను నిన్న అన్న రెండో మాట గుర్తొచ్చింది. బాగుండాది అంది. మొదటి అబద్ధం కంటే అదే ఎక్కువ సిగ్గనిపించి గేటు దగ్గరే నిలబడిపోయింది.

అంకమ్మ ఆమెను ఇంకా చూడలేదు. దాసప్ప చెబుతున్నది వింటోంది. నీ అనపకాయ పితికిపప్పు అందరూ మెచ్చుకున్నారక్కా అని ఆయన నింపాదిగా, ఉత్తరం చదివి వినిపించినట్టు చెబుతున్నాడు. ఒక బ్యాంకాయన భార్యను పిలుచుకొచ్చి మరీ పెట్టించినాడు. ఒక ముసలాయమ్మ గిన్నె అడుగు వేలితో తుడుచుకుంది. తాను రెండుసార్లు వేయించుకున్నాడు. మధ్యాహ్నం తింటే రాత్రి దాకా చేతికి సొగడు వదల్లేదు. అంకమ్మ ఒక్కొక్క మాటకూ తలాడిస్తోంది. ఆమె మొహం వెలుగుతోంది. నేను పంపనేలేదే అన్న మాట ఇప్పుడు వస్తుంది, ఇప్పుడు వస్తుందని నందిని ఎదురుచూసింది. రాలేదు.

నందిని కనబడగానే అంకమ్మ లేచి, ఎడమచేత్తో ఆమె చెయ్యి పట్టుకుని పెరటి వైపు చేను చూపించడానికి తీసుకుపోయింది. పదిహేను రోజుల కిందట ఆవుకు నీళ్లు పెడుతూ తొట్టి దగ్గర జారి పడింది. చెయ్యి విరిగింది, రొంటినున్న ఫోను తొట్టిలో పడింది. కోసేవాళ్లు లేక కాయ చెట్టు మీదే ఎండిపోతోంది.

"అల్లుడు ఇంక ఈ కష్టం యాల, వచ్చే వానలకు దున్నించి నీలగిరి చెట్లు పెడదామంటాండాడు. నేను గూడా సరే అంటి," అంది అంకమ్మ. "నలభై ఏండ్లుగా కాయ మూట కట్టి పంపతాండాను పాపా. అది యాడికి పోతాదో, తినినోళ్లు ఏమనుకుంటారో నాకేం తెలుసు. బాగుండాదని సెప్పేదానికి ఈ గడప తొక్కిన మనిషి ఈయప్ప ఒకడే. పోయిన నెలలోనూ వచ్చినాడు."

 చౌడేపల్లె రైతూ కలకడ ఆమే కూడా దాసప్ప వచ్చి పోయినాడని నవ్వుతూనే చెప్పారని నందినికి అప్పుడు గుర్తొచ్చింది. అప్పట్లో ఆ నవ్వు ఆమెకు కనబడలేదు.

తిరుగుదారిలో దాసప్ప కారు ముందుసీట్లో సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వి.కోట దాటాక నందిని కారు పక్కకు ఆపేసింది.

"అప్పా, నిన్న పెట్టిన అనప అంకమ్మవ్వది కాదు. బజారులో కొన్నా. నీకు అబద్ధం చెప్పినా."

"తెలుసు పాపా. సొగడు లేదు గదా."

"మరి నన్ను నిలదీసేదానికి కాకపోతే కుప్పం దాకా యాల వచ్చినావు?"

దాసప్పకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. "కాయ ఆయమ్మది కాదంటే ఆయమ్మ పంపలేదని గదా అర్థం," అన్నాడు. "వారం తప్పని మనిషి. ఏమయిందో సూడొద్దా? వారం వారం ఉత్తరం రాసేవోళ్లు ఉన్నట్టుండి మానేస్తే, ఉత్తరం కోసం కాదు గదా భయపడేది."

కాయలు బాగున్నాయని అంకమ్మకు ఎందుకు చెప్పినట్టని నందిని అడిగింది. అది అంతకుముందు వచ్చిన మూట సంగతని, తేదీ మాత్రం చెప్పలేదని, సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఒక్క అబద్ధం ఆడనివాణ్ని ఇప్పుడెందుకు ఆడతానని ఆయన కొంచెం నొచ్చుకున్నాడు. తరువాత రిజిస్టరు ఉత్తరం సంగతి చెప్పాడు. ఉత్తరం అందుకున్నవాళ్ల చేత ఒక చిన్న కార్డు మీద సంతకం పెట్టించి, ఆ కార్డును రాసినవాళ్లకు తిరిగి చేరుస్తారు. అందిందని తెలిస్తేనే పంపినవాళ్లకు మనసు కుదుటపడుతుంది. "కాయ పంపేవోళ్లకు ఆ కార్డు ఎవురు తెచ్చిస్తారు?" అన్నాడు దాసప్ప. "ఎవురూ తేరు. నాకు పనేం ఉండాది, బస్సు పాసుండాది. తిరగతాండాను."

నందిని స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఏడ్చేసింది. దాసప్ప ఆమెను ఓదార్చలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ, తన బాధ ఏదో తాను చెప్పుకున్నాడు.

"నిన్నటి కాయ గూడా బాగుండె పాపా. సొగడు లేదంతే, గింజ లేతది. పండించినోడు ఎవడో పాపం మంచోడు. ఎవురికి పోయి సెప్పేది? అందుకే, నీ మొగం సూసి ఒకసారి తింటి గానీ ఇంకోసారి ఏపించుకోలేకపోతి."

శనివారం పొద్దున నల్లబల్ల మీద అనపకాయ పక్కన 'మదనపల్లె బజారు, పేరు తెలియదు, గింజ బాగుంది' అని నందిని తన చేత్తో రాసింది. పైనున్న పెద్ద అక్షరాల వాక్యాన్ని తుడిచేసింది. అది లేదని గమనించిన గిరాకీ ఒక్కరూ లేరు. ఇన్నాళ్లూ ఆ వాక్యం కోసం తాను పడిన భయమంతా ఎందుకో ఆమెకు తెలియలేదు.

ఆదివారం హోటలుకు సెలవు పెట్టి అందరూ కుప్పం పోయారు. సిద్ధమ్మ, మునిశేఖర్, నందిని చీకటుండగానే బయల్దేరి, మంచు ఆరకముందే చేలో దిగి కాయ కోశారు. మునీశ్వరి కూడా వచ్చింది. పెళ్లయిన ఇన్నేళ్లకు మొగుడు ఎక్కడెక్కడ తిరుగుతాడో చూద్దామని వచ్చానంది. దాసప్ప కోసింది తక్కువ. ఒక్కొక్క కాయనూ వాసన చూసి సంచిలో వేస్తుంటే ఎవరికైనా అంతే. ఇట్లయితే సంక్రాంతి పోయి ఉగాది వస్తాదని మునీశ్వరి ఆయన్ని గట్టు మీద కూర్చోబెట్టింది. అంకమ్మ ఎడమచేత్తో దారి చూపిస్తూ, ఏ చెట్టు మీద కాయ ముదిరిందో చెబుతూ వాళ్ల వెంట సాలు సాలుకూ నడిచింది.

తరువాతి గురువారం దాసప్ప ఒంటరిగా రాలేదు. కుప్పం పోయి, బస్సులో అంకమ్మను పక్కన కూర్చోబెట్టుకుని పిలుచుకొచ్చాడు. ఆమె అంచున్న ఎర్రచీర కట్టుకుంది. తాను పండించినదాన్ని డబ్బులిచ్చి తినేవాళ్లు ఎలా ఉంటారో చూద్దామని వచ్చానని గుమ్మంలోనే చెప్పింది. దాసప్ప బల్ల మీద ఆమె పేరు చదివి చూపించాడు. ఆమె దాన్ని ఒకసారి చూసి ఊరుకుంది. లోపల బల్లల దగ్గర తింటున్నవాళ్ల కంచాల వైపు మాత్రం చాలాసేపు చూసింది.

నందినే వడ్డించింది. కుడిచెయ్యి కట్టులో ఉంది కాబట్టి చెంచా తెచ్చింది. అంకమ్మ చెంచా పక్కన పెట్టి, ఎడమచేత్తో తింటే దేవుడేమీ అనడులే అని సంగటి తుంచి పప్పులో అద్దింది. వంటింటి తలుపు సందులోంచి సిద్ధమ్మ, నీళ్ల జగ్గు పట్టుకుని మునిశేఖర్, అందరూ ఆమె మొహమే చూస్తున్నారు. దాసప్ప కూడా తినకుండా ఆగాడు.

అంకమ్మ నిదానంగా నమిలి మింగింది. ఉప్పు రవ్వంత తగ్గిందంది. సిద్ధమ్మ తలుపు వెనక్కి పోయింది. ఇంకో ముద్ద తిన్నాక, కాయకు మంచు బాగానే పట్టిందని, అయినా తాను వండితే ఇంకొంచెం ధనియాలు వేస్తానని అంది. తరువాత తల తిప్పి గది మొత్తం చూసింది.

"ఇంతమంది తినేదీ నాదేనా పాపా?"

"ఈ పూట అంతా నీదే అవ్వా."

అంకమ్మ చీర కొంగుతో మూతి తుడుచుకుంది, దాంతోనే కళ్లూ తుడుచుకుంది.

"మరి ఇప్పుడుండే సాళ్లు సాలవు గదమ్మా. వచ్చే వానకు ఇంకో నాలుగు ఎక్కువ ఏపించాల," అంది.

నీలగిరి పెడదామన్న అల్లుడు ఏమంటాడని నందిని భయం భయంగా అడిగింది.

"ఏమంటాడు? పై వారం వాన్ని గూడా పిల్సుకొనొస్తా. ఈ కుర్చీలోనే కూర్సోబెట్టి పెట్టు," అని అంకమ్మ తన కంచం ముందుకు జరిపింది. "ఇంకో ముద్ద సంగటి పెట్టు, వేడిది."